ఎర్రకొండ నుంచి బంగారపేట దాకా: కోలారు స్వర్ణక్షేత్రపు తొలి వలసల్లో తెలుగు ఆనవాళ్లు

కోలారు బంగారు గనుల చరిత్రను సాధారణంగా మైకేల్ ఫిట్జ్‌జెరాల్డ్ లవెల్‌తో మొదలుపెడతారు. న్యూజిలాండ్ యుద్ధాల్లో పనిచేసి బెంగళూరు దండులో స్థిరపడిన ఈ ఐరిష్ మాజీ సైనికుడు 1871లో ఎడ్లబండి మీద కోలారు ప్రాంతానికి వెళ్లి అన్వేషణ సాగించాడు. 1875లో ఇరవై ఏళ్ల గనుల హక్కు పొందాడు. ఈ కథనంలో స్థానికులు కూలీలుగా మాత్రమే, అదీ ఆలస్యంగా కనిపిస్తారు. వారిలో తెలుగువారి జాడ మరీ పలుచన. తొలి నివేదిక, జిల్లాల సరిహద్దులు, ఊళ్ల పేర్లు అనే మూడు ఆధారాలను కలిపి చదివితే ఆ జాడ ఎందుకు చెరిగిందో తెలుస్తుందని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

లవెల్‌కు ముందు

టిప్పు సుల్తాను పతనానంతరం మైసూరు సరిహద్దుల సర్వేకు వచ్చిన లెఫ్టినెంట్ జాన్ వారెన్ 1802లో ఎర్రకొండ దగ్గర బంగారం సంగతి విన్నాడు. అతడు బహుమానం ప్రకటించగా ఊరిగాం గ్రామస్థులు బండ్లకెత్తి మన్ను తెచ్చి, అతని ఎదుటే కడిగి బంగారు రజను వేరుచేసి చూపారు. మారికుప్పం వద్ద పాతగోతుల్లోకి దిగి, రాయిని బుట్టల్లో చేతులు మార్చి పైకి పంపేవారినీ అతడు చూశాడు. కనుక వారెన్ కనుగొన్నది బంగారాన్ని కాదు, బంగారం తీయడం తెలిసిన మనుషులను. ఆ సమాచారం దొరికిన కొండ పేరు కూడా గమనార్హం. కన్నడంలో అయితే ‘కెంపు’, ‘బెట్ట’ కావలసిన చోట ‘ఎర్ర’, ‘కొండ’ ఉన్నాయి. లవెల్‌ను కోలారుకు నడిపించింది ఈ వారెన్ నివేదికే.

పెట్టుబడి, పాతగోతులు

లవెల్ దగ్గర తగిన ధనం లేదు. 1877లో హక్కులు బెరెస్‌ఫోర్డ్ తదితర సైనికాధికారుల చేతికి వెళ్లాయి. 1880 నుంచి కంపెనీలు పుట్టుకొచ్చాయి, లండన్‌లో వాటాలు అమ్ముడుపోయాయి. కొద్దికాలానికే ఆశలు సన్నగిల్లి ధరలు పడిపోయాయి. జాన్ టేలర్ అండ్ సన్స్ నిర్వహణలో ప్లమ్మర్ అనే గనుల నిపుణుడు పాతగోతుల జాడ పట్టి ఇంకా లోతుకు తవ్వించాకే ఛాంపియన్ రీఫ్ సిరి బయటపడింది. అంటే విదేశీ పెట్టుబడిని గట్టెక్కించింది పేరు తెలియని పూర్వికుల తవ్వకమే.

వచ్చినవారు, లెక్కలో కలిసిపోయినవారు

1901 నాటికి ఈ గనుల పట్టణ జనాభా 38,204. పైమెట్టున కార్నిష్ నిపుణులు, ఇతర ఐరోపీయులు బంగళాల్లో ఉండగా, కూలీ లైన్లలో తడికల గుడిసెలు వెలిశాయి. శ్రామికుల్లో అధికులు తమిళులు, ముఖ్యంగా దళితులు. ఇది కాదనలేని సత్యం. అయితే వలస మూలంగా తరచు చెప్పే ‘ఉత్తర ఆర్కాటు’ అన్న పేరును జాగ్రత్తగా చదవాలి. 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడే వరకు చిత్తూరు, పలమనేరు, చంద్రగిరి ప్రాంతాలు ఉత్తర ఆర్కాటులోనివే. 1911కు పూర్వపు ‘ఉత్తర ఆర్కాటు కూలీ’ని నేటి పటం ఆధారంగా తమిళుడనుకోవడం కాలవ్యత్యయ దోషం. ఖనిజపు పట్టీ కూడా పాలనా సరిహద్దును పాటించలేదు. అది దక్షిణాన నేటి చిత్తూరు జిల్లాలోని బిసానత్తం, చిగురుగుంట వరకు సాగింది.

పేర్లు చెప్పే సాక్ష్యం

రాబర్ట్‌సన్‌పేట బ్రిటిష్ రెసిడెంటు పేరు మీద వెలసింది. బంగారపేట అనగానే బంగారమే మూలమనిపిస్తుంది. నిజానికి అది 1862 నుంచి 1870 వరకు మైసూరు కమిషనరుగా ఉన్న బౌరింగ్ పేరిట వెలసిన బౌరింగ్‌పేట. తెలుగు, కన్నడ నోళ్లలో దొర పేరు కరిగి బంగారమైంది. రాతలో అధికారి పేరు ఎక్కితే, పలుకులో ప్రజలు తమ అర్థాన్ని నిలుపుకున్నారు.

ముగింపు

1956లో మైసూరు ప్రభుత్వం ఈ గనులను జాతీయం చేసింది. అదే ఏడాది భాషాప్రయుక్త రాష్ట్రాల సరిహద్దులు ఖరారయ్యాయి. సుమారు 800 టన్నుల బంగారం ఇచ్చిన గనులు 2001 ఫిబ్రవరి 28న మూతపడ్డాయి. రాష్ట్రాల వారీగా రాసుకున్న చరిత్రలో కోలారు తెలుగు శ్రామికుడు కర్ణాటకకు వలసవాడు, ఆంధ్రకు పొరుగువాడు. సింగరేణి జీవితానికి అల్లం రాజయ్య, పి. చంద్ వంటి రచయితలు దొరికారు. కోలారు శ్రామికుల జ్ఞాపకాలను సేకరించే పని మన విభాగాలు తలకెత్తుకోవాలి. లోతు గనుల్లో దిగిన చివరి తరం వృద్ధులు ఉండగానే కుప్పం, పలమనేరు, కోలారు ప్రాంతాల్లో వారి పలుకుబడులను, పనిముట్ల పేర్లను, పాటలను నమోదు చేయాలి. కాగితం మీద మరో జిల్లా పేరుతో కలిసిపోయినవారిని గుర్తించడానికి వారి భాషే మనకు మిగిలిన ఆధారం.