పువ్వు చాటున ఇప్ప గింజ

ఇప్పచెట్టు అనగానే ఆదిలాబాద్ జిల్లా ఉట్నూర్ బయటివాళ్లకు పువ్వు గుర్తొస్తుంది, పువ్వు వెంటే సారా. పరిమళాల గురించి రాసేవాళ్లూ ఆ పువ్వు దగ్గరే ఆగిపోతారు. నిజానికి ఈ చెట్టును సబ్బుల్లోకీ, ఒంటికి పూసుకునే లేపనాల్లోకీ తీసుకెళ్లింది గింజ. చైత్రంలో పూలు రాలిపోయాక తొలకరి నాటికి కాయలు పండుతాయి, ఒక్కో పండులో ఒకటో రెండో గింజలు. పెంకు తీసిన పప్పులో దాదాపు సగం నూనే. ఆదిలాబాద్ చలికి ఆ నూనె నెయ్యిలా పేరుకుంటుంది. వంటింట్లో అదొక చికాకు గానీ, సబ్బు కాచేవాడికీ లేపనం కలిపేవాడికీ కావలసింది సరిగ్గా ఆ గుణమే.

నూనెలో సువాసన ఎక్కడుంది అని ఎవరైనా అడగవచ్చు. లేదు. పచ్చి ఇప్పనూనెకు ఉన్నది ఒకరకం చేదు వాసన. పువ్వు సంగతి వేరు: బాస్మతి బియ్యానికి ఘుమఘుమనిచ్చే 2-ఎసిటైల్-1-పైరోలిన్ అనే రసాయనమే తాజా ఇప్పపూలలోనూ ఉందని పరిశోధకులు గుర్తించారు. అయితే పరిమళ విద్యలో వాసన పుట్టించడం ఒక పని, దాన్ని పట్టి ఉంచడం మరో పని. ఆరో శతాబ్దంలో వరాహమిహిరుడు బృహత్సంహితలో గంధయుక్తికి ఒక అధ్యాయమే కేటాయించి, తలనూనెలనూ అందులో చేర్చాడు. ఉత్తరాదిన ఫులేల్ అనే పరిమళ తైలం చేసేవాళ్లు పూల మధ్య నువ్వులు పరిచి, వాసన పట్టాక గానుగాడేవారు. అక్కడ వాడింది నువ్వులే, ఇప్ప కాదు, ఒప్పుకోవలసిందే. కానీ కార్ఖానా సబ్బు వచ్చాక లెక్క మారింది. మొదటి ప్రపంచ యుద్ధానికి ముందు ‘మౌరా’ పేరుతో ఇప్ప గింజలు ఓడలెక్కి జర్మనీకి వెళ్లేవి. అవన్నీ ఉట్నూర్ గింజలని కాదు, మధ్య భారతమంతా ఇప్పచెట్లే. ఒంటి సబ్బులో గుప్పుమనే అత్తరు చిటికెడైతే, దాన్ని మోసే కొవ్వు మిగతాదంతా.

గింజకు విలువ తెచ్చింది విదేశీ వర్తకులే కదా అన్నది మరో అభ్యంతరం. భాషే దానికి జవాబు చెబుతుంది. తెలుగులో ఇప్ప, కొలామీలోనూ ఇప్ప, తమిళంలో ఇలుప్పై: ఇన్ని భాషలు ఒకే మాటను పంచుకున్నాయంటే ఈ చెట్టుతో పరిచయం ఓడలకన్నా ఎంతో పాతది. చార్లెస్ హామిల్టన్ ఏషియాటిక్ రీసెర్చెస్‌లో ఈ చెట్టును వర్ణించిన 1788 నాటికే దాని నూనె ఇళ్లలో వాడుకలో ఉంది. గానుగాడగా మిగిలిన పిండిలో నురగనిచ్చే సపోనిన్లుంటాయి. నీళ్లలో కలిపితే చేపలు మత్తెక్కి తేలతాయి. తమిళనాట అదే పిండితో తలరుద్దుకునేవారు. అంటే జర్మన్ కార్ఖానాకన్నా ముందే ఈ గింజలో సబ్బు గుణం ఉందని మనవాళ్లు కనిపెట్టారు.

మరి గింజ ఎందుకు మరుగున పడింది? నా ఉద్దేశంలో కారణం ఆబ్కారీ. పువ్వు నుంచి సారా, సారా నుంచి సర్కారుకు రాబడి, దాంతోపాటే దాడులు, కేసులు. కాబట్టి పువ్వు దస్తావేజుల్లోకి ఎక్కింది. గింజ మీద ఆబ్కారీ కన్ను పడలేదు. 1956లో పుట్టిన గిరిజన సహకార సంస్థ కూడా దాన్ని చిల్లర అటవీ ఉత్పత్తుల పట్టీలోనే కొన్నది. పేరు విషయంలోనూ అంతే. శాస్త్రజ్ఞులు ఈ చెట్టుకు మొదట ఇటలీ వృక్షశాస్త్రజ్ఞుడు ఫెర్డినాండో బస్సీ పేరిట ‘బాసియా’ అని పెట్టారు, తర్వాత సంస్కృతం వైపు తిరిగి ‘మధుకా’ అన్నారు. ఇప్పుడు ఖరీదైన లేపనం డబ్బా వెనక చిన్న అక్షరాల్లో ఉండేది ఆ మధుకాయే. ఇప్ప అన్న మాట మాత్రం ఉట్నూర్ సంతలోనే వినిపిస్తుంది.