బాకీ ఇంటి మీద

2017 ఏప్రిల్‌లో అమెరికాలోని ఫ్లింట్ నగరంలో 8,000 పైచిలుకు ఇళ్ళకి నోటీసులొచ్చాయి. నీటి బాకీ కట్టకపోతే ఇంటి పన్నులో కలుపుతామని. ఆ పన్ను మూడేళ్ళు పేరుకుపోతే ఇల్లే పోవచ్చు.

ఆ నీళ్ళ సంగతి మీకు తెలిసే ఉంటుంది. 2014 ఏప్రిల్‌లో, ఖర్చు తగ్గుతుందని, డెట్రాయిట్ నీళ్ళు మానేసి ఫ్లింట్ నది నీళ్ళు వదిలారు. గొట్టాలు తినేయకుండా కలపాల్సిన మందు కలపలేదు. పాత గొట్టాల్లో సీసం కుళాయిల్లోకి దిగింది. 2015 అక్టోబరులో మళ్ళీ డెట్రాయిట్ నీళ్ళే తెచ్చారు గానీ, గొట్టాలు మాత్రం అప్పటికి చాలావరకు అవే. 2017 ఫిబ్రవరితో రాష్ట్రం ఇస్తున్న బిల్లు రాయితీ కూడా ఆగింది.

నోటీసుల వెనకున్న మిచిగన్ చట్టం 1939 నాటిది. నీటి బాకీకి ఇంటి మీదే హక్కు, అంటే లియన్, ఇస్తుంది. ప్రోగ్రామర్‌గా నాకిది తెలివైన ఏర్పాటే అనిపిస్తుంది: మనుషులు మారతారు, మీటరు కదలదు, నేనైనా టేబుల్‌లో కీ ఇంటికే ఇస్తాను. కానీ అందులో ఎన్ని నీళ్ళో రాసే గడి ఉంది, ఎలాంటి నీళ్ళో రాసే గడి లేదు.

మే నెలలో నగర కౌన్సిల్ లియన్లని ఏడాదిపాటు ఆపాలని ఓటేసింది. వాళ్ళడిగింది వాయిదా, మాఫీ కాదు.