పురాతన పూలకూజాల సేకరణ (తెలుగునాట)

పూర్వకాలపు పింగాణీ, లోహ, గాజు కూజాలను, కలశాలను, జాడీలను వెదికి తెచ్చి, భద్రపరచి, ఇంటికి అలంకారంగా అమర్చుకునే అభిరుచి ఇది. నూరేళ్లు నిండినవి పురావస్తువులు. అంతకు లోపు వయసుండి ఏదో ఒక కాలపు పనితనాన్ని చూపేవి పాతకాలపు వస్తువులు. తెలుగునాట నిండుకలశాన్ని మంగళచిహ్నంగా చెక్కడం సుమారు రెండువేల ఏళ్లుగా ఉంది. విదేశీ కూజాలను కళాఖండాలుగా కూడబెట్టడం మాత్రం ప్రధానంగా హైదరాబాదు సంస్థానంలో, 19వ శతాబ్దిలో ఊపందుకుంది. ఈ రంగంలో హైదరాబాదు దివానుగా పనిచేసిన మూడో సాలార్‌జంగ్ సేకరణకు సాటిరాగలది తెలుగునాట మరొకటి లేదు.

ప్రాచీన కాలం

రాయలసీమలోని ఇనుపయుగపు సమాధుల్లో నలుపు, ఎరుపు రంగులు కలిసిన కుండలు దొరుకుతాయి. శాతవాహనుల కాలంలో ఎర్రటి పూత మీద తెల్లని గీతలు దిద్దిన పాత్రలు దక్కన్‌లో వాడుకలో ఉండేవి. 1947లో బ్రహ్మగిరిలో తవ్వకాలు జరిపిన మార్టిమర్ వీలర్ వీటిని ఆంధ్ర పాత్రలుగా పేర్కొన్నాడు. అమరావతి స్తూపపు సున్నపురాతి ఫలకాల మీది పూర్ణఘటం (నిండుకలశం) ఈ చరిత్రలో మొదటి మేలిమి రూపం: ఉబ్బిన పొట్ట, బిగువైన మెడ, నోటి నిండా పొంగే తామరలు. ఆ ఫలకాలు చెన్నై ప్రభుత్వ మ్యూజియంలోనూ, లండన్‌లోని బ్రిటిష్ మ్యూజియంలోనూ ఉన్నాయి. ఆంధ్రప్రదేశ్ రాజముద్రలో ఉన్నది ఈ పూర్ణఘటమే.

   ఆ తరువాతి శతాబ్దాల్లో రాగి, కంచు కలశాలు గుళ్లలో పూజాపాత్రలుగా కొనసాగాయి.

రేవులు, కోటలు

కాకతీయ గణపతిదేవుడు 1244లో మోటుపల్లి రేవులో సముద్రవర్తకులకు అభయశాసనం వేయించాడు. మోటుపల్లిలో, నెల్లూరు తీరంలోని కొత్తపట్నంలో చైనా పింగాణీ పెంకులు బయటపడ్డాయి. విజయనగర రాజధాని హంపీ తవ్వకాల్లోనూ ఇలాంటివి దొరికాయి.

జమ్మలమడుగు దగ్గరి గండికోటను 1650 ప్రాంతంలో గోల్కొండ సేనాని మీర్ జుమ్లా పట్టుకున్నాడు.  మీర్ జుమ్లా స్వయంగా పెద్ద నౌకావ్యాపారి. గోల్కొండ రేవైన మచిలీపట్నంలో డచ్చివారు 17వ శతాబ్ది తొలి దశకంలోనే స్థావరం ఏర్పరచుకున్నారు. ఈ సముద్రవ్యాపారం సాగిన కాలంలో నవాబుల ఇళ్లలో చైనా సెలడాన్ పాత్రలకు ప్రత్యేక గౌరవం ఉండేది. విషం కలిసిన ఆహారం పడితే ఆ లేతాకుపచ్చ పాత్ర పగులుతుందని, లేదా రంగు మారుతుందని నమ్మేవారు.

బీదరు పనితనం దక్కన్‌కే సొంతం. జింకులో కొద్దిగా రాగి కలిపి పోతపోసి, చెక్కిన గాడుల్లో వెండి పొదిగి, నవాసారం కలిపిన బీదరు కోట మట్టితో నల్లబరుస్తారు. నల్లని నేల మీద వెండి తీగలు మెరిసే ఈ కూజాలు 1851 లండన్ మహాప్రదర్శనలో మెప్పు పొందాయి.

సాలార్‌జంగుల యుగం

కడప ప్రాంతం 1792లో టిప్పు సుల్తాన్ చేతి నుంచి నిజాముకు, 1800లో నిజాము నుంచి ఈస్టిండియా కంపెనీకి దక్కింది. దాంతో ఇలా కంపెనీకి దక్కిన దత్తమండలాలకూ హైదరాబాదుకూ పాలనాబంధం తెగింది. సేకరణకు కావలసిన సంపద, తీరిక, విదేశీ పరిచయాలు నిజాము రాజధానిలో కేంద్రీకరించాయి.

మొదటి సాలార్‌జంగ్ మీర్ తురాబ్ అలీఖాన్ (1829–1883) మూడు దశాబ్దాలు దివానుగా పనిచేశాడు. ఆ వంశం నివసించిన దివాన్ దేవిడీలో చీనీఖానా అనే గది ఉండేది. దాని గోడలకు పింగాణీ పాత్రలను పొదిగి అలంకరించారు. 1876లో ఐరోపా వెళ్లినప్పుడు ఆయన రోములో బెంజోనీ చెక్కిన ముసుగు రెబెకా విగ్రహాన్ని కొన్నాడు. రెండో సాలార్‌జంగ్ మీర్ లాయక్ అలీఖాన్ 1889లో మరణించాడు.

ఆయన కుమారుడు, మూడో సాలార్‌జంగ్ మీర్ యూసుఫ్ అలీఖాన్ అదే ఏడాది జూన్ 13న పుణెలో పుట్టాడు. 1912లో ఏడో నిజాముకు దివాను అయి, 1914లో పదవి వదిలాడు. అప్పటి నుంచి తన ఆదాయాన్ని, ఆయువును కళాఖండాలకే ధారపోశాడు. దేశవిదేశాల వర్తకులు దేవిడీకి సరుకు తెచ్చి చూపేవారు. చైనా నీలితెలుపు, సెలడాన్ పాత్రలు, జపాన్ సత్సుమా, ఇమారీ కూజాలు, ఫ్రాన్సు సేవ్ర్, జర్మనీ డ్రెస్డెన్, ఇంగ్లండు వెడ్జ్‌వుడ్, మింటన్ పింగాణీ, బొహీమియా గాజు, బీదరు పనితనం ఆ సేకరణలో చేరాయి.

ఆయన అవివాహితుడిగా 1949 మార్చి 2న కన్నుమూశాడు. సేకరణ చెదిరిపోకుండా మ్యూజియంగా నిలపాలన్న ఆలోచనను అప్పటి పాలనాధికారి ఎం.కె. వెల్లోడి ముందుకు తెచ్చాడు. వస్తువులను విభజించి అమర్చే పనిని కళావిమర్శకుడు జేమ్స్ కజిన్స్ చేపట్టాడు. 1951 డిసెంబరు 16న దివాన్ దేవిడీలో జవాహర్‌లాల్ నెహ్రూ మ్యూజియాన్ని ప్రారంభించాడు. 1961లో పార్లమెంటు చట్టంతో అది జాతీయ ప్రాముఖ్యం గల సంస్థ అయింది. 1968లో మూసీ ఒడ్డున ఇప్పటి భవనానికి మారింది. ఒకప్పుడు ఒక ప్రభువు కంటికే విందైన కూజాలు ఇప్పుడు టికెట్టు కొన్న ప్రతివారికీ కనిపించడం ఈ చరిత్రలో అన్నిటికన్నా గొప్ప మలుపు.

సామాన్యుల ఇళ్లలో

జమీందారీలు, సంస్థానాలు పోయాక పెద్ద ఇళ్ల సామాన్లు అంగళ్లకు చేరాయి. హైదరాబాదు పురానాపూల్ దగ్గర గురువారాల్లో సాగే జుమ్మేరాత్ బజార్ పాత వస్తువులకు పేరుపొందింది. రాయలసీమ ఇళ్లలో ఇత్తడి బిందెలు, రాగి చెంబులు, ఊరగాయ జాడీలు తరాల ఆస్తి. స్టీలు సామాను వచ్చాక వాటిలో చాలా భాగం తూకానికి అమ్ముడై కరిగిపోయింది. పోతపోసిన కంచర్ల పనితనమూ వాటితోపాటే పోయింది. మిగిలిన జాడీలు, బిందెలు ఇటీవల హాలు మూలల్లో, గడప పక్కన పూలపాత్రలుగా తిరిగి చోటు సంపాదించుకోవడం మెచ్చదగిన పరిణామం.

గుర్తింపు, సంరక్షణ

జర్మనీ మైసెన్ పింగాణీ మీద అడ్డంగా కలిసిన కత్తులు, సేవ్ర్ పాత్రల మీద పెనవేసిన రెండు ఎల్ అక్షరాలు ముద్రలుగా ఉంటాయి. చైనా పాత్రల అడుగున చక్రవర్తి పాలనాకాలం రాసేవారు. పూర్వులపై గౌరవంతో పాత చక్రవర్తుల పేర్లు రాసే ఆనవాయితీ అక్కడ ఉన్నందున ముద్ర ఒక్కటే రుజువు కాదు. అమెరికా 1890 సుంకాల చట్టం దిగుమతి సరుకుపై దేశం పేరు ఉండాలని నిర్దేశించింది. అందువల్ల దేశం పేరున్న కూజా సాధారణంగా ఆ తరువాతిదే. వేలితో మీటితే ఖంగుమనని పింగాణీలో కనపడని పగులు ఉండవచ్చు.

పాత కూజాలో నేరుగా నీళ్లు పోయకుండా లోపల మరో గాజుపాత్ర పెట్టి పూలు అమర్చడం క్షేమం. బీదరు కూజాను చింతపండుతో తోమితే నలుపు పోతుంది. మెత్తని గుడ్డతో తుడిచి కాస్త నూనె రాస్తే చాలు. పాత ఇత్తడికి కాలం పట్టించిన రంగును కూడా చెరపకపోవడమే మంచిది.

చట్టం

1972 పురావస్తు, కళానిధుల చట్టం 1976 ఏప్రిల్ 5 నుంచి అమల్లోకి వచ్చింది. నూరేళ్లు దాటిన పురావస్తువులను ప్రైవేటు వ్యక్తులు దేశం దాటించకూడదు. వాటి వ్యాపారానికి లైసెన్సు కావాలి. 1878 నిధుల చట్టం ప్రకారం భూమిలో దొరికిన పది రూపాయలకు మించిన నిధిని కలెక్టరుకు తెలపాలి. పాత ఊళ్లలో పునాదులు తీసేవారికి ఇది ముఖ్యం. ఏ పొరలో, దేని పక్కన దొరికిందో నమోదైన పగిలిన కుండకు, ఊరూ పేరూ తెలియని నిండు కూజాకన్నా చరిత్రలో విలువ ఎక్కువ.