కట్టు విడిపోయిన మాట: కాటమరాన్

నేటి ఇంగ్లీషులో కాటమరాన్ అంటే రెండు సన్నని పడవలను పక్కపక్కన నిలిపి, పైన ఒకే బల్లతో జోడించినట్టుండే నౌక. ఆ మాట పుట్టిన కోరమాండల్ తీరంలో మాత్రం దానికి పడవ ఆకారమే లేదు. తమిళంలో ‘కట్టు’ అంటే బిగించడం, ‘మరం’ అంటే చెట్టు లేదా కలప కాబట్టి ‘కట్టుమరం’ అంటే తాళ్లతో బిగించిన దుంగలు. తెలుగుకూ ఇది పరాయి మాట కాదు. ‘కట్టు’ రెండు భాషలకూ ఉమ్మడిది, ‘మరం’ తెలుగు ‘మ్రాను’కు, వాడుకలోని ‘మాను’కు తోబుట్టువు.

తెలుగు తీరంలో దీని పేరు తెప్ప. కోనేటిలో దేవుణ్ణి ఊరేగించే తెప్పోత్సవంలో ఉన్నదీ ఆ మాటే. నెల్లూరు తీరపు పట్టపువారు తమిళదేశం నుంచి వచ్చి, ఇళ్లలో తమిళం నిలుపుకున్న మత్స్యకారులు కనుక ఇక్కడ రెండు భాషలూ ఒకే ఇసుక మీద కలుస్తాయి. తేలిక కలప దుంగలను చెక్కి, పక్కపక్కన పేర్చి, రెండు కొసల దగ్గరా కొబ్బరి తాళ్లతో బిగిస్తే తెప్ప సిద్ధమవుతుంది. అల మీద పడినా దుంగల సందుల్లోంచి నీరు జారిపోతుందే గాని నిలవదు కాబట్టి, రేవు లేని తీరంలో విరిగే కెరటాలను దాటడానికి ఇది నమ్మకమైన సాధనం. వేట నుంచి వచ్చాక కట్లు విప్పి దుంగలను ఒడ్డున ఆరబెట్టేవారు. నీరు పీల్చిన కలప బరువెక్కుతుంది గనుక ఆ విప్పడం కూడా కట్టడమంత ముఖ్యం.

ఈస్టిండియా కంపెనీ 1626లో నెల్లూరు సీమలోని దుగరాజపట్నంలో, అంటే కంపెనీ వారి ఆర్మగాన్‌లో, వర్తక స్థావరం పెట్టింది. అక్కడి అధికారి ఫ్రాన్సిస్ డే 1639లో మద్రాసు స్థలాన్ని సంపాదించాక వ్యాపారం దక్షిణానికి మళ్లింది. మద్రాసులో ఓడలు దూరంగా లంగరు వేయవలసి వచ్చేది కాబట్టి, తాటాకు టోపీల్లో ఉత్తరాలు దాచుకుని కెరటాలు దాటిన తెప్పవాళ్లే ఓడకూ ఒడ్డుకూ మధ్య వార్తాహరులయ్యారు. 1690లో మద్రాసు చూసిన నావికుడు విలియం డాంపియర్ 1697లో అచ్చయిన తన యాత్రాగ్రంథంలో ఈ దుంగల తెప్పలను వర్ణించాడు.

తరువాత ఇంగ్లీషులో ఆ మాట దారి తప్పింది. 1804లో ఫ్రెంచి నౌకల మీద బ్రిటిష్ నౌకాదళం ప్రయోగించిన, మందుగుండు కూరిన తేలే పెట్టెలకూ ఈ పేరే పెట్టారు. పందొమ్మిదో శతాబ్దంలో గయ్యాళి స్త్రీని తిట్టడానికీ వాడారు. అమెరికాలో నథానియల్ హెరెషాఫ్ నిర్మించిన జంట పడవ ‘అమరిల్లిస్’ 1876లో న్యూయార్క్ పందెంలో మామూలు తెరచాప పడవలను ఓడించాక, నేటి అర్థం బలపడింది. జంట పడవ నిజానికి పసిఫిక్ దీవుల పాలినీషియన్ల విద్య. దాని మీదికి కోరమాండల్ పేరు ఎక్కింది, పేరుకు ప్రాణమైన కట్టు మాత్రం అందులో మిగలలేదు.

నెల్లూరు తీరంలోనూ ఇటీవలి దశాబ్దాల్లో ఫైబర్ పడవలు తెప్పల చోటును ఆక్రమించాయి. వాటిని వేట ముగిశాక విప్పి ఆరబెట్టే పని లేదు.