ఒకే నది ఒడ్డున రెండు పాలనలు: సెనెగల్, గాంబియాల ప్రజాజీవనం

పశ్చిమాఫ్రికా పటం మీద గాంబియాను చూపమంటే వేలు ముందుగా సెనెగల్ మీదనే పడుతుంది. అట్లాంటిక్ తీరం నుండి లోపలికి, గాంబియా నది పొడవునా, సెనెగల్ కడుపులోకి చొచ్చుకుపోయిన ఒక సన్నని పట్టీ కనిపిస్తుంది. అదే గాంబియా. పొడవు మూడు వందల కిలోమీటర్లకు పైన, వెడల్పు ఎక్కడ కొలిచినా యాభై కిలోమీటర్ల లోపల. విస్తీర్ణం సుమారు 11 వేల చదరపు కిలోమీటర్లు. దానిని మూడు వైపుల చుట్టుకొని ఉన్న సెనెగల్ విస్తీర్ణం 1 లక్షా 96 వేల చదరపు కిలోమీటర్లకు పైన. 2023 జనగణన ప్రకారం సెనెగల్ జనాభా 1 కోటి 81 లక్షలు. 2024 జనగణన ప్రకారం గాంబియా జనాభా సుమారు 24 లక్షలు.

ఈ రెండు దేశాల ప్రజలు వేరువేరు ప్రజలు కారు. సరిహద్దుకు ఇటూ అటూ మాండింకా, వోలోఫ్, ఫులానీ, జోలా జాతులవారే నివసిస్తున్నారు. రెండు చోట్లా నూటికి తొంభై అయిదుమంది ముస్లిములు. రెండు చోట్లా అనుసరించేది మాలికీ ఫిఖ్హ్. వ్యాపించినవి ఖాదిరియా, తిజానియా తరీఖాలు. నేల ఒకటే, వాన ఒకటే, పండే వేరుశనగ ఒకటే. ఆఫ్రికా వెనుకబాటుకు మతమో జాతియో కారణమని తేల్చివేసే రచయితలు ఈ రెండు దేశాలను పక్కపక్కన పెట్టి చూడటం అరుదు. చూస్తే వారి వాదం నిలవదు. ఇక్కడ మతమూ జాతీ మారలేదు. మారినది పాలన ఒక్కటే.

ఆ పాలన రెండుగా చీలిన విధం తెలియాలంటే పందొమ్మిదో శతాబ్దంలోకి వెళ్ళాలి. గాంబియా నదికి ఉత్తరాన బాదిబు అనే రాజ్యం ఉండేది. వోలోఫులు దానినే రిప్ అంటారు. 1861లో మాబా జాఖూ బా అనే ఆలిమ్ అక్కడ జిహాద్ ప్రకటించి, పాత రాజవంశాన్ని తొలగించి, షరీఅత్ ప్రకారం నడిచే పాలనను నెలకొల్పారు. ఆయన అల్‌హాజ్ ఉమర్ తాల్‌ను కలుసుకొని, తిజానియా తరీఖాలో చేరినవారు. ఫ్రెంచివారి చేతిలో ఓడిన కజోర్ రాజు లాత్ జోర్ ఆయన దగ్గరనే ఆశ్రయం పొంది ఇస్లాం స్వీకరించాడు. 1867లో సోంబ్ దగ్గర జరిగిన యుద్ధంలో మాబా షహీదయ్యారు. తరువాత వారసుల మధ్య కలహాలు చెలరేగాయి. 1887లో ఫ్రెంచి సైన్యం వచ్చిపడగా ఆయన కుమారుడు సయీర్ మాతీ నదివైపు పారిపోయి బ్రిటిష్ వారి శరణు కోరవలసి వచ్చింది. రెండేళ్ళకే, 1889 ఆగస్టు 10న, పారిస్‌లో బ్రిటన్, ఫ్రాన్సులు ఒక ఒప్పందం చేసుకున్నాయి. నదికి రెండు వైపుల పది పది కిలోమీటర్లు బ్రిటన్‌కు, మిగిలినది ఫ్రాన్సుకు. మాబా రాజధాని నియోరో సెనెగల్‌లోకి పోయింది. నదీతీరపు బాదిబు గాంబియాలో ఉండిపోయింది. నదిలో నిలిచిన బ్రిటిష్ ఓడ పేల్చిన ఫిరంగి గుండు ఎక్కడ పడితే అక్కడ సరిహద్దు పెట్టారని ప్రజలలో ఒక కథ ఉంది. నిజానికి ఫిరంగి ప్రసక్తి ఏమీ లేదు, కాగితం మీద గీసిన గీతలే. ఆ గీతల మధ్య బ్రతికిన ప్రజలను ఎవ్వరూ అడగలేదన్నంతవరకు మాత్రం కథలో సత్యం ఉంది.

నిజానికి బ్రిటన్‌కు గాంబియా మీద మమకారం ఏమంత లేదు. 1866 నుండి 1876 వరకు దానిని ఫ్రాన్సుకు ఇచ్చివేసి, బదులుగా మరొక భూభాగం పుచ్చుకొనేందుకు బేరాలు సాగాయి. బాథర్స్ట్ వర్తకులు, పట్టణవాసులు ఎదురుతిరగడంతో ఆ బేరం చెడింది. అమ్ముడుపోని సరుకును యజమాని ఎట్లా చూస్తాడో ఆ తరువాత గాంబియాను బ్రిటన్ అట్లాగే చూసింది.

ఫ్రాన్సు వైఖరి దీనికి భిన్నం. 1885 నాటికే డకార్, సెయింట్ లూయీల మధ్య రైలు నడిచింది. 1902లో డకార్ మొత్తం ఫ్రెంచి పశ్చిమాఫ్రికాకు రాజధాని అయింది. అనగా సెనెగల్‌లో కట్టిన రేవు, కచేరీలు, ఆసుపత్రులు ఒక్క సెనెగల్ కోసం కాదు. మారిటేనియా నుండి నైజర్ వరకు ఉన్న విశాల సామ్రాజ్యం కోసం. ఆ సామ్రాజ్యం పోయింది, కట్టడాలు సెనెగల్‌కు మిగిలాయి. డకార్ విశ్వవిద్యాలయం 1957లో స్థాపితమైంది. గాంబియాకు సొంత విశ్వవిద్యాలయం 1999లో గాని రాలేదు. రైలుమార్గం అసలే లేదు. నది ఉన్నది గదా, రైలెందుకు అన్నది పాలకుల లెక్క.

అయితే ఫ్రెంచివారి దాతృత్వం గురించి ఎక్కువ ఊహించుకోనక్కరలేదు. పౌరహక్కులు సెయింట్ లూయీ, గోరే, రూఫిస్క్, డకార్ అనే నాలుగు పట్టణాల వారికే. పల్లెల్లోని ముస్లిం రైతుకు మిగిలినది వెట్టిచాకిరి, తలపన్ను. గవర్నర్ ఫైదెర్బ్ 1850లలో సెయింట్ లూయీలో నాయకుల కుమారుల కోసం తెరిచిన పాఠశాలకు పెట్టిన పేరు 'బందీల పాఠశాల'. ఆయనే 1857లో అక్కడ ముస్లిం న్యాయస్థానాన్ని కూడా ఏర్పాటు చేశాడు. బ్రిటిష్ వారు బాథర్స్ట్‌లో అటువంటి న్యాయస్థానాన్ని 1905లో పెట్టారు.

రెండు వలసలకూ ఆదాయం ఒక్కటే, వేరుశనగ. ఐరోపాలో సబ్బులకు, దీపాలకు నూనె కావలసి వచ్చి, 1830లలో గాంబియా నుండి, తరువాత పదేళ్ళలో సెనెగల్ నుండి ఎగుమతి మొదలైంది. సజ్జ, జొన్న పండిన పొలాలు క్రమంగా వేరుశనగకు మారాయి. తినడానికి తిండిగింజలు చాలకపోవడంతో ఫ్రెంచివారు ఇండోచైనా నుండి నూకలు తెప్పించి అమ్మారు. ఆనాడు అలవాటైన నూకల అన్నమే ఈనాటికీ డకార్‌లో ముఖ్యాహారం.

ఈ వేరుశనగ చరిత్రలో షేఖ్ అహ్మదు బంబా (రహ్మతుల్లాహి అలైహి) స్థానం విశిష్టమైనది. 1853లో జన్మించిన ఆయన 'ఖాదిముర్రసూల్' అని ప్రసిద్ధులు. 1887లో ఒక అడవిచెట్టు క్రింద తూబా పట్టణానికి పునాది వేశారు. ఆయన చుట్టూ చేరుతున్న జనాన్ని చూచి భయపడిన ఫ్రెంచి ప్రభుత్వం 1895లో ఆయనను గాబోన్‌కు ప్రవాసం పంపింది. ఆయన ఆయుధం పట్టినవారు కారు. 1902లో తిరిగి రాగానే మరుసటి ఏడు మళ్ళీ మారిటేనియాకు పంపారు. కాని ఆయన ముర్షిద్‌గా తయారుచేసిన మురీదులు బీడు భూములను సాగుచేసి వేరుశనగ పండించసాగారు. అప్పుడు ప్రభుత్వానికి ఆ షేఖ్ ప్రమాదకారి కాక ఉపయోగకారిగా కనిపించాడు. 1931లో రైలు తూబాకు చేరింది. ఆయన 1927లో పరమపదించారు; తూబా పెద్ద మసీదు 1963లో ప్రారంభమైంది. తూబా నేడు డకార్ తరువాత సెనెగల్‌లో అంత జనమున్న పట్టణం. ప్రభుత్వం చేయలేని పనులు ఒక తరీఖా అనుయాయుల చందాలతో జరిగినందుకు ఇది నిదర్శనం. మురీద్ రైతు షేఖ్ పొలంలో చేసే చాకిరి ఎంతవరకు సేవ, ఎంతవరకు దోపిడి అన్న చర్చ కూడా సెనెగల్ ముస్లిముల మధ్యనే ఏనాటి నుండో సాగుతున్నది. దానిని ఇస్లాం విరోధుల ఆరోపణగా త్రోసిపుచ్చడం న్యాయం కాదు.

గాంబియాలో బ్రిటిష్ వారు చేపట్టిన ఒక 'అభివృద్ధి' పథకాన్ని కూడా ఇక్కడ చెప్పుకోవాలి. 1948లో యుందుమ్ దగ్గర పెద్ద కోళ్ళ పెంపకం ప్రారంభించారు. ఏటా బ్రిటన్‌కు రెండు కోట్ల గుడ్లు పంపాలన్నది సంకల్పం. మేత అక్కడే పండుతుందనుకున్నారు, పండలేదు. కోళ్ళకు తెగులు తగిలింది. 1951లో మూతపడేనాటికి బ్రిటన్ చేరిన గుడ్లు నలభై వేలకు మించలేదు. ఎనిమిది లక్షల పౌన్లకు పైగా గంగపాలయ్యాయి. ఆ నేలలో ఏది పండుతుందో ఆ ఊరి స్త్రీలను అడిగితే చెప్పేవారు.

సెనెగల్ 1960లోను, గాంబియా 1965 ఫిబ్రవరి 18న స్వతంత్రమయ్యాయి. సెనెగల్ తొలి అధ్యక్షుడు లియొపోల్డ్ సెంఘోర్ క్రైస్తవుడు. ముస్లిం దేశంలో ఇరవై ఏళ్ళు ఆయన అధికారంలో నిలిచినది తరీఖాల పెద్దల మద్దతుతోనే. ఆయనకు పూర్వపు ప్రత్యర్థి లామీన్ గయే ముస్లిం కావడం గమనార్హం. ప్రధాని మామదు జా వేరుశనగ వ్యాపారాన్ని ఫ్రెంచి కంపెనీల పట్టునుండి తప్పించి సహకార సంఘాలకు అప్పగించబూనాడు. 1962 డిసెంబరులో అధికార సంఘర్షణలో ఓడి 1974 వరకు చెరసాలలో గడిపాడు. తరువాత ఏర్పడిన ప్రభుత్వ కొనుగోలు సంస్థ 1970లలో రైతుకు రొక్కానికి బదులు చీట్లు ఇవ్వసాగింది. ఒకవంక అనావృష్టి, మరొకవంక చీట్లు. రైతులు బండ్ల మీద కాయలు వేసుకొని, రాత్రివేళ సరిహద్దు దాటి గాంబియాలో రొక్కానికి అమ్ముకొన్నారు. దీనిని ప్రభుత్వం దొంగరవాణా అన్నది. మురీద్ ఖలీఫా అబ్దుల్ అహద్ ఎంబాకే రైతుల పక్షాన మాట్లాడారు. ఆ సంస్థను 1980లో రద్దుచేశారు.

గాంబియా నాయకుడు దావూదా జవారా పశువైద్యుడు. 1955లో క్రైస్తవం పుచ్చుకొని, 1965లో తిరిగి ఇస్లాంలోకి వచ్చినవాడు. సెనెగల్‌లో 1966 నుండి 1974 వరకు ఏకపార్టీ పాలన నడిచిన కాలంలో గాంబియాలో క్రమం తప్పక ఎన్నికలు జరిగాయి. సైన్యమే లేదు. పరిశ్రమలు లేని ఆ చిన్న దేశం తక్కువ సుంకాలు విధించి, బంజూల్ రేవులో దిగిన బియ్యం, చక్కెర, టీ, బట్టలను చుట్టుపక్కల దేశాలకు అమ్ముకొని బ్రతికింది. ఒక దేశం సుంకపు గోడ ఎంత ఎత్తు కడితే రెండో దేశానికి అంత లాభం. ఇరుగుపొరుగుల మధ్య ఇది మంచి సంబంధం కాదు.

1981 జూలై 30న, జవారా లండన్‌లో రాజకుమారుని వివాహానికి వెళ్ళి ఉండగా, బంజూల్‌లో తిరుగుబాటు జరిగింది. సెనెగల్ సైన్యం వచ్చి అణచింది. వందలమంది మరణించారు. 1982 ఫిబ్రవరిలో రెండు దేశాలు సెనెగాంబియా సమాఖ్యగా ఏర్పడ్డాయి. తొంభై మూడేళ్ళనాటి గీత చెరిగిపోతుందని చాలామంది ఆశించారు. కాని ఉమ్మడి సుంకాలకు గాంబియా ఒప్పుకోలేదు. తన రొట్టె పోతుందని దాని భయం. 1989 సెప్టెంబరులో సమాఖ్య రద్దయింది. ఆ కాలంలో తయారుచేసిన గాంబియా సైన్యమే 1994లో జవారాను పదవినుండి దించింది.

సరిహద్దు ఖరీదును ప్రాణాలతో చెల్లించినది దక్షిణ సెనెగల్‌లోని కాసమాన్స్ ప్రాంతం. గాంబియా అడ్డుగా ఉండటం చేత ఆ ప్రాంతం రాజధానికి దూరమై, 1982 నుండి అక్కడ వేర్పాటు పోరు సాగింది. రోడ్డున డకార్ పోవాలంటే గాంబియా నదిని బల్లకట్టు మీద దాటవలసి వచ్చేది. లారీలు రోజుల తరబడి ఆగిపోయేవి. అందుచేత జనం ఓడను ఆశ్రయించారు. 2002 సెప్టెంబరు 26 రాత్రి జిగించోర్ నుండి డకార్‌కు బయలుదేరిన జోలా అనే ఓడ గాంబియా తీరాన బోల్తాపడింది. అది మోయగలిగినది సుమారు 580 మందిని. చనిపోయినవారు 1,800 మందికి పైన. నది మీద వంతెన 2019 జనవరిలో, ఫరాఫెన్ని వద్ద, ప్రారంభమైంది. సరిహద్దు గీసిన నూట ముప్పై ఏళ్ళకు.

షరీఅత్ విషయంలో రెండు దేశాలు వేర్వేరు దారులు పట్టాయి. సెనెగల్ రాజ్యాంగం లౌకికమైనది. 1972లో చేసిన కుటుంబ చట్టాన్ని ఉలమా తీవ్రంగా వ్యతిరేకించారు. వారసత్వంలో మాత్రం ముస్లిం నియమాలను కోరుకొనేవారికి అవకాశం ఉంచారు. పల్లెలలో నికాహ్ మసీదులో జరుగుతుంది. చాలా పెళ్ళిళ్ళు దఫ్తరుకు ఎక్కనే ఎక్కవు. గాంబియాలో నికాహ్, తలాఖ్, వారసత్వాల తీర్పు రాజ్యాంగబద్ధంగానే ఖాదీలది. 1994లో సైన్యబలంతో వచ్చిన యహ్యా జమ్మే 2015 డిసెంబరులో దేశాన్ని ఇస్లామీయ గణతంత్రమని ప్రకటించాడు. అదే పాలనలో 2000 ఏప్రిల్‌లో విద్యార్థుల మీద కాల్పులు జరిగాయి. పత్రికలవారు, ప్రత్యర్థులు హతులయ్యారు. ఎన్నికలో ఓడి 2017 జనవరిలో దేశం విడిచాడు. తరువాతి అధ్యక్షుడు ఆ పేరును తీసివేశాడు. ఇస్లాం పేరు పెట్టిన పాలనలో అదల్ లేకపోతే ఆ పేరు ఎవరికి రక్ష అయిందో గాంబియా ముస్లిములే చెప్పగలరు.

నేటి జీవన పరిస్థితులను పోల్చి చూస్తే, 2022లో సెనెగల్ తలసరి ఆదాయం సుమారు 1,600 డాలర్లు. గాంబియాది అందులో సగానికి కొంచెం ఎక్కువ. సగటు ఆయుర్దాయంలో సెనెగల్ రెండు మూడేళ్ళు ముందున్నది. 2024 నుండి సెనెగల్ సముద్రంలో నూనె కూడా తీస్తున్నది. అయినా ఐక్యరాజ్యసమితి మానవాభివృద్ధి పట్టికలో రెండూ అట్టడుగు తరగతిలో దగ్గరదగ్గరగానే ఉన్నాయి. డకార్ సంపదను తీసి పక్కన పెడితే, కోల్దా వంటి దక్షిణ సెనెగల్ పల్లెకూ, సరిహద్దు అవతలి గాంబియా పల్లెకూ పెద్ద తేడా ఉండదు. ఒక విషయంలో గాంబియా తన స్థితికి మించిన పని చేసింది. 1947 నుండి అక్కడ నడుస్తున్న వైద్య పరిశోధన కేంద్రం సహకారంతో పిల్లల టీకాలు పల్లెపల్లెకూ చేరాయి. శిశువులకు మెదడు పొరల వాపు, న్యుమోనియా కలిగించే హిబ్ క్రిమికి 1997లో టీకా ప్రవేశపెట్టగా కొద్ది ఏళ్ళలోనే ఆ వ్యాధి దాదాపు మాయమైంది. పేద దేశానికి అది సాధ్యం కాదనేవారికి ఇది సమాధానం.

కాని టీకాలతో బ్రతికి పెద్దయిన పిల్లలకు పని లేదు. రెండు తీరాలనుండీ యువకులు చేపల పడవలలో ఐరోపాకు బయలుదేరుతున్నారు. 2019 డిసెంబరులో గాంబియా నుండి వెళ్ళిన ఒక పడవ మారిటేనియా దగ్గర మునిగి సుమారు అరవైమంది మరణించారు. చేరినవారు పంపే డబ్బే గాంబియా జాతీయాదాయంలో అయిదవ వంతుకు పైన.

తిండి మాత్రం ఇంకా ఓడలమీదనే వస్తున్నది. ఇండోచైనా స్థానంలో ఇప్పుడు భారతదేశం ఉన్నది. కాకినాడ రేవు నుండి పశ్చిమాఫ్రికాకు వెళ్ళే బియ్యంలో వీరి నూకలూ ఉంటాయి. 2022 సెప్టెంబరులో భారత ప్రభుత్వం నూకల ఎగుమతిని నిషేధించగా డకార్‌లోను, బంజూల్‌లోను ధరల గుబులు పుట్టింది. రెండు ప్రభుత్వాలూ ఢిల్లీకి విన్నవించుకొన్నాయి. 2023లో సెనెగల్‌కు రెండున్నర లక్షల టన్నులు, గాంబియాకు యాభై వేల టన్నులు అనుమతించారు. నిషేధం 2025 మార్చిలో తొలగింది. వేరుశనగ కోసం సజ్జపొలాలు వదులుకొన్న నాటి రైతుల మునిమనుమలు, గీతకు ఇటువైపువారూ అటువైపువారూ, ఒకే పళ్ళెం చుట్టూ కూర్చుండి తినేది ఈ నూకల అన్నమే.