హాలీ సిక్కా నోటూ, ప్లాస్టిక్ కవరూ

అక్కలూ, చెల్లెళ్లూ, మొన్న దసరా బొమ్మలు తీద్దామని గరాజ్ సర్దుతుంటే మా అత్తయ్యగారి పాత ఆల్బమ్ కనబడింది. అందులో నిజాం కాలపు రూపాయి నోటుంది. కవరు జిగటగా అయిపోయి, కొత్త రెయిన్‌కోటు వాసన కొడుతోంది. మెల్లిగా లాగినా నోటు మీది సిరా కొంత కవరుకే అంటుకుపోయింది. ఆ బాధతోనే ఇది రాస్తున్నా.

అసలు ఆ నోటు ఎలా పుట్టిందో తెలుసా? మొదటి ప్రపంచ యుద్ధంలో వెండికి కరువొచ్చింది. బ్రిటిష్ ఇండియా 1917లో రూపాయి నోటు తెచ్చింది. మరుసటేడు, 1918లో, హైదరాబాద్ సంస్థానం కూడా చట్టం చేసి సొంత నోట్లు మొదలుపెట్టింది. వాటి మీద ఉర్దూతో పాటు తెలుగు, కన్నడ, మరాఠీ అక్షరాలు కూడా ఉండేవి. ఇదే హాలీ సిక్కా. బ్రిటిష్ వాళ్ల రూపాయిని కల్దార్ అనేవారు. ఏడు హాలీ రూపాయలిస్తే ఆరు కల్దార్లు వచ్చేవి. 1948 తర్వాత కూడా కొన్నేళ్లు రెండూ నడిచాయి. 1950ల చివరికి హాలీ కనుమరుగైంది.

ఇంకో ముచ్చట. ఈ నోట్లు మొదట్లో ఇంగ్లండ్‌లో అచ్చయి ఓడల్లో వచ్చేవి. 1922 మేలో బొంబాయికి బయల్దేరిన 'ఈజిప్ట్' అనే ఓడ ఫ్రాన్స్ తీరం దగ్గర పొగమంచులో ఇంకో ఓడను గుద్దుకుని మునిగిపోయింది. 1930లలో ఇటలీ వాళ్లు అందులోని బంగారం, వెండి తీస్తుంటే సంతకాలు పడని హైదరాబాద్ నోట్లు కూడా బయటికొచ్చాయి. వాటిని కలెక్టర్లు ఇప్పటికీ దాచుకుంటున్నారు. పదేళ్లు సముద్రం అడుగున ఉన్నా మిగిలిన కాగితం, మన గరాజ్‌లో కవరు చేతిలో ఓడిపోయింది!

కారణం పీవీసీ. అది మెత్తగా ఉండడానికి నూనెలాంటి రసాయనాలు కలుపుతారు. ఏళ్లు గడిచేకొద్దీ అవి బయటికి ఊరి కాగితానికీ సిరాకీ పడతాయి. పీవీసీ పాడయ్యేటప్పుడు ఆమ్లం కూడా వస్తుంది. రాగి కలిసిన నాణేల మీద పచ్చటి జిగురు పేరుకునేది అందుకే. నిజాం రూపాయిలోని వెండిలోనూ రాగి కలిసి ఉంటుంది. ఎండ వేడికి ఇదంతా ఇంకా తొందరగా జరుగుతుంది. 2020 జనవరిలో మన పక్కనే పెన్రిత్‌లో 48.9 డిగ్రీలు కొట్టింది, గుర్తుందిగా!

మరి ఏది మంచిది? పాలియెస్టర్, పాలీప్రొపిలీన్, పాలీఎథిలీన్, ఈ మూడూ పీవీసీలా రసాయనాలు ఊరవు. నోట్లకు గట్టిగా, గాజులా తేటగా ఉండే పాలియెస్టర్ అన్నిటికన్నా మేలు. కొనేటప్పుడు 'పీవీసీ లేదు' అని రాసుందో లేదో చూడండి. ప్లాస్టిక్ వస్తువు మీద త్రికోణంలో 3 ఉంటే పీవీసీ, 5 ఉంటే పాలీప్రొపిలీన్. తమాషా ఏంటంటే, 1988లో ఆస్ట్రేలియా తెచ్చిన ప్లాస్టిక్ పది డాలర్ల నోటు కూడా పాలీప్రొపిలీనే. అంటే రోజూ మన పర్సులో తిరిగేది ఆ మంచి ప్లాస్టిక్కే!

లామినేషన్ మాత్రం వద్దమ్మా, మళ్లీ ఊడదీయలేం. సెలోటేపు అంటించొద్దు. గరాజ్‌లో కాకుండా ఇంట్లో చల్లగా, చీకటిగా ఉండే అల్మారాలో పెట్టండి. ఏడాదికోసారి తీసి వాసన చూడండి.

ఊరి నుంచి తెచ్చుకునేవాళ్లకు ఒక మాట. నూరేళ్లు దాటిన నాణేలను అనుమతి లేకుండా ఇండియా దాటించకూడదని 1972 చట్టం ఉంది.

మా నోటు ఇప్పుడు కొత్త పాలియెస్టర్ కవరులో ఉంది. పోయిన సిరా ఇక తిరిగి రాదు. అందుకే అది ఎవరిచ్చారో, దేనికి దాచారో అత్తయ్యగారికి ఫోన్ చేసి అడిగి, పెన్సిల్‌తో ఒక కాగితం మీద రాసి, వేరే కవరులో పక్కన పెట్టాను. మీ ఇంట్లో ఆల్బమ్ ఉంటే ఈ ఆదివారమే తీసి చూడండి.