విడాకుల తర్వాత మాజీ భర్త పెన్షన్‌లో వాటా వస్తుందా? భరణం ఆపేస్తే ఏం చేయాలి?

భర్త ప్రభుత్వ ఉద్యోగి. విడాకులయ్యాయి. నెలనెలా భరణం ఇవ్వాలని కోర్టు చెప్పింది. రిటైర్ అయ్యాక మాత్రం ‘ఇక జీతం లేదు, పెన్షన్‌ను ఎవరూ ముట్టుకోలేరు’ అంటూ డబ్బులు ఆపేశాడు. ఆ మాటలో నిజమెంత? తిరుమలాయపాలెం నుంచి ఖమ్మం కోర్టు మెట్లెక్కే మహిళలు తెలుసుకోవాల్సిన విషయాలివి.

వాటా ఉంటుందా?

నేరుగా ఉండదు. అమెరికాలో ప్రైవేట్ కంపెనీ పెన్షన్‌లను విడాకులప్పుడు కోర్టు ఆర్డర్‌తో పంచుతారు. మన దగ్గర అలాంటి చట్టం లేదు. ఇక్కడ మాజీ భార్యకు దక్కేది పెన్షన్‌లో వాటా కాదు, భరణం. అయితే భరణం లెక్కేసేటప్పుడు పెన్షన్ కూడా ఆదాయమే. భరణం కేసుల్లో ఇద్దరూ ఆస్తులు, అప్పుల వివరాలతో అఫిడవిట్ వేయాలని 2020 నవంబర్ 4న రజనీష్ వర్సెస్ నేహా కేసులో సుప్రీంకోర్టు తేల్చి చెప్పింది.

పెన్షన్‌ను అటాచ్ చేయొచ్చా?

1871 నాటి పెన్షన్ల చట్టం సెక్షన్ 11 ప్రకారం అప్పులవాళ్లు ప్రభుత్వ పెన్షన్‌ను జప్తు చేయించలేరు. కానీ భరణం అడిగే భార్య అప్పులవాళ్ల కిందకు రాదని, ఆమె కోసం పెన్షన్‌ను అటాచ్ చేయొచ్చని బాంబే హైకోర్టు నాగ్‌పూర్ బెంచ్ చెప్పింది. ఆ తీర్పు తెలంగాణ కోర్టులను కట్టిపడేయదు. అయినా వాదనకు గట్టి బలం.

డబ్బులు ఆగితే ఏం చేయాలి?

పాత సీఆర్‌పీసీ సెక్షన్ 125 స్థానంలో 2024 జూలై 1 నుంచి బీఎన్ఎస్ఎస్ సెక్షన్ 144 వచ్చింది. మళ్లీ పెళ్లి చేసుకోని విడాకులు పొందిన మహిళ కూడా దీని కింద ‘భార్యే’. విడాకులు పొందిన ముస్లిం మహిళలకూ సెక్షన్ 125 వర్తిస్తుందని తెలంగాణ కేసులోనే 2024 జూలై 10న సుప్రీంకోర్టు స్పష్టం చేసింది.

మాజీ భర్త ఎక్కడున్నా, ఆమె తానుండే చోటి కోర్టులోనే భరణం కేసు వేయొచ్చు. ఆర్డర్ వచ్చాక కూడా కట్టకపోతే కోర్టు వారెంట్ ఇస్తుంది. అప్పటికీ కట్టకుంటే ఒక్కో నెల బకాయికి నెల వరకు జైలు పడొచ్చు. జైలుకెళ్లినంత మాత్రాన బాకీ తీరిపోదని 1989లోనే సుప్రీంకోర్టు చెప్పింది.

ఈ గడువు మర్చిపోవద్దు

సెక్షన్ 144 కింద వారెంట్ కావాలంటే, డబ్బు రావాల్సిన తేదీ నుంచి ఏడాదిలోపు పిటిషన్ వేయాలి. ‘ఇస్తాలే, ఆగు’ అన్న మాట నమ్మి ఏళ్లు గడిపితే పాత నెలల బకాయికి ఈ దారి మూసుకుపోతుంది.

ఆయన చనిపోతే?

అసలు దెబ్బ ఇక్కడే. విడాకుల డిక్రీ వచ్చాక మాజీ భార్యకు ఫ్యామిలీ పెన్షన్ రాదు. అర్హత ఉన్న పిల్లలకు మాత్రం రావొచ్చు. అందుకే విడాకుల సమయంలోనే హిందూ వివాహ చట్టం సెక్షన్ 25 కింద ఏకమొత్తం అడగడం మంచిది. లేదంటే భరణానికి హామీగా మాజీ భర్త ఇల్లు, భూమిపై ఛార్జ్ పెట్టమని కోర్టును కోరొచ్చు.

లాయర్ ఫీజుకు డబ్బుల్లేవా?

ఆదాయంతో సంబంధం లేకుండా మహిళలకు న్యాయ సహాయం ఉచితం. ఖమ్మంలోని జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు వెళ్లొచ్చు, లేదా 15100కు ఫోన్ చేయొచ్చు. వెళ్లేటప్పుడు భరణం ఆర్డర్ కాపీ, బ్యాంక్ పాస్‌బుక్, మాజీ భర్త పనిచేసిన ఆఫీసు వివరాలు వెంట ఉంటే పని తేలికవుతుంది.